ఒకే మందు, పలు దేహములు: మనోవ్యాధి చికిత్సలో వంశపారంపర్యము

ఒకే పంక్తిని కూర్చుండి ఒకే వంటకములు భుజించిన పదిమందిలో ఒకరికి పనసతొనలు సుఖముగ జీర్ణమగును. వేఱొకరికి అవియే కడుపునొప్పి తెచ్చును. ఒకరు రాత్రి భోజనానంతరము కాఫీ త్రాగి హాయిగ నిద్రింతురు. వేఱొకరు సాయంకాలము అరగ్లాసు త్రాగినను తెల్లవాఱువఱకు మేలుకొనియే యుందురు. ఈ భేదమును మనమందఱము ఎఱుగుదుము. ఇందుకై ఎవ్వరిని నిందింపము. కాని వైద్యుడొసగిన మందు విషయము వచ్చుసరికి ఈ సామాన్యజ్ఞానమును మఱచిపోవుచున్నాము.

ముఖ్యముగ మనోవ్యాధుల విషయమున ఈ మఱపు ఎక్కువ. "ఫలానివారి అబ్బాయికి ఈ మాత్రతోనే నెలదినములలో నయమైనది గదా, మనవానికేల కాలేదు?" అని తల్లిదండ్రులు వాపోవుదురు. పిల్లవాడు మందు మ్రింగుటలేదని కొందఱు, వానికి మనోబలము చాలదని కొందఱు, వైద్యునకు హస్తవాసి లేదని కొందఱు తలంతురు. పూర్వజన్మకర్మమని విడిచిపెట్టువారును కలరు. అసలు కారణములలో ఒకటి ఆ పిల్లవాని దేహమునందే, వానికి తలిదండ్రులనుండి సంక్రమించిన లక్షణములలోనే యుండవచ్చునను సంగతి పెక్కుమందికి తెలియదు. దానిని వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పాఠశాల వార్షిక సంచికలో ఇట్టి విషయమేల యని కొందఱు శంకింపవచ్చును. తీవ్రమైన మనోవ్యాధులు తఱచుగ పదునాఱు మొదలు ముప్పది సంవత్సరముల ప్రాయమున తలచూపును. అనగా నేడు మన తరగతులలో కూర్చున్న పిల్లలు ఇల్లు విడిచి కళాశాలలకు, ఉద్యోగములకు పోవు కాలమది. అట్టి ఆపద ఏ యింటికి రాకుండుగాక. వచ్చినచో మాత్రము తెలిసిన తల్లిదండ్రులు తెలియనివారికంటె మేలుగ సాయపడగలరు.

మందులు వచ్చిన విధము

మనోవ్యాధులన్నియు ఒకటి కావు. ఇచ్చట ప్రస్తావించునవి లేని మాటలు వినబడుట, ఎవరో తనపై కుట్ర పన్నుచున్నారని గట్టిగ నమ్ముట, ఆలోచనల వరుస తప్పుట మొదలగు లక్షణములు కలవి. వానిలో ముఖ్యమైనది స్కిజోఫ్రీనియా. వీనికి వాడు మందులను యాంటీసైకోటిక్ మందులందురు.

ఈ మందుల చరిత్రలో మన దేశమునకును భాగము కలదు. మన వైద్యులు చిరకాలముగ వాడుచుండిన సర్పగంధి వేరు ఉన్మాదమునందును, రక్తపు పోటునందును పనిచేయునని గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు అను కలకత్తా వైద్యులు 1931లో ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిను అను పదార్థమును వేఱుచేసిరి. అంతకు ముందే 1950 డిసెంబరులో ఫ్రాన్సు దేశమున క్లోర్‌ప్రోమజైను తయారయ్యెను. 1952లో పారిస్ నగరమందలి సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ దలే, పియర్ దెనికేర్ అను వైద్యులు దానిని మనోవ్యాధి పీడితులకిచ్చి గొప్ప గుణమును చూచిరి. 1958లో బెల్జియమునందు హాలోపెరిడాల్ వచ్చెను. తరువాత రిస్పెరిడోను, ఓలాంజపైను, అరిపిప్రజోలు మొదలగునవి వచ్చినవి. ఇవి నేడు మన జిల్లా ఆసుపత్రులలోను సామాన్యముగ వాడబడుచున్నవి.

మెదడునందలి నాడీకణములు ఒకదానితో నొకటి వర్తమానములు జరుపుకొనుటకు కొన్ని రసాయనములను వాడుకొనును. అందు డోపమైను ఒకటి. డోపమైను వచ్చి తాకు స్థానమును గ్రాహకమందురు. పై మందులలో అధికభాగము డి2 అను గ్రాహకములను కొంతవఱకు కప్పి, మితిమీఱిన వర్తమానములను తగ్గించును. మందు చాలనిచో వ్యాధి లొంగదు. హెచ్చైనచో చేతులు వణకుట, దేహము బిగిసికొనుట, మగత, ఒకచోట కూర్చుండలేని తహతహ మొదలగు బాధలు కలుగును. ఈ రెండింటి నడుమ సన్నని దారి కలదు. ఆ దారి అందఱికిని ఒకే కొలతలో లేదు. మొదట ఇచ్చిన మందులతో తగిన గుణము కనబడనివారు రోగులలో సుమారు మూడవవంతు ఉందురని వైద్యులు చెప్పుచున్నారు.

తప్పి వ్రాసిన అక్షరము

మన దేహకణములలో 23 జతల క్రోమోసోములు కలవు. ప్రతి జతలో ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి వచ్చును. వానిపై సుమారు ఇరువదివేల జన్యువులు అమరియున్నవి. దేహమునందు ఏ పదార్థమును ఎట్లు నిర్మింపవలయునో తెలుపు పాఠమే జన్యువు.

బడిపిల్లవాడు నల్లబల్లపై నున్న పాఠమును ఎత్తి వ్రాసికొనునపుడు "కలము" అను మాటకు "కాలము" అని వ్రాసినచో అర్థమే మాఱిపోవును. కొన్ని తప్పులు అర్థమును చెఱుపవు. కొన్నిటివలన వాక్యము నిరర్థకమగును. ఒక్కొక్కప్పుడు పిల్లవాడు అదే వాక్యమును రెండు మూడు మాఱులు వ్రాసి పెట్టుటయు కలదు. తరతరములుగ జన్యుపాఠము ఎత్తి వ్రాయబడునపుడును ఇట్టివే సంభవించును. ఇవి పాపమును కావు, దోషమును కావు. ప్రతి మనుష్యుని పాఠములోను ఇట్టి భేదములు అనేకము కలవు. పెక్కింటి వలన మనకు ఏ హానియు లేదు. ఒకానొక మందు దేహములో ప్రవేశించిన దినముననే వాని ప్రభావము బయటపడును.

మందు దేహములో ప్రవేశించిన పిదప రెండు కార్యములు జరుగును. మందు దేహమును మార్చుట ఒకటి, దేహము మందును మార్చుట రెండవది. మనము మొదటిదానినే తలంతుము. కాని మ్రింగిన మాత్ర రక్తములో ఎంతకాలము, ఎంత పరిమాణములో నిలుచునో నిర్ణయించునది రెండవది. కాలేయమునందలి ఎంజైములను పనివాండ్రు మందును విఱుగగొట్టి బయటికి పంపుదురు. ఆ పనివాండ్రను నిర్మించునవి జన్యువులే.

ఈ శాస్త్రము పుట్టిన వృత్తాంతము

మందులకును వంశపారంపర్యమునకును గల సంబంధము మొదట మనోవ్యాధులయందు కనుగొనబడలేదు. శస్త్రచికిత్స సమయమున కండరములను సడలించుటకు సక్సినిల్‌కోలిన్ అను మందును సూదిద్వారా ఇత్తురు. దాని ప్రభావము సామాన్యముగ కొలది నిమిషములలో తీరిపోవును. కాని కొందఱిలో గంటలకొలది తీరదు. అంతవఱకు యంత్రముతో శ్వాస నడుపవలసియుండును. ఆ మందును విఱుగగొట్టు ఎంజైము వారిలో పుట్టుకతోనే బలహీనముగ నుండుటయే కారణమని 1950వ దశకమున కెనడాలోని టొరంటో నగరమందు వెర్నర్ కాలో కనుగొనెను. 1957లో అమెరికా వైద్యుడు ఆర్నో మోతుల్‌స్కీ ఇట్టి ఉదాహరణములను కూర్చి, మందుల దుష్ఫలితములకు జన్యువులు మూలము కావచ్చునని వ్రాసెను. 1959లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ ఫోగెల్ ఈ విద్యకు ఫార్మకోజెనెటిక్స్ అని నామకరణము చేసెను. ఔషధ జన్యుశాస్త్రమని మనము చెప్పుకొనవచ్చును.

పై ఉదాహరణము తెలుగువారికి దూరమైనది కాదు. ఆ ఎంజైము లోపము ఆర్యవైశ్యులలో ఇతరులకంటె చాల హెచ్చుగ కనబడుచున్నది. వారిలో దానికి మూలమైన జన్యుభేదమును గూర్చిన పరిశోధన 2006లో ప్రకటింపబడినది. చిన్న సమూహమునుండి వృద్ధిపొంది, చిరకాలము తమలో తాము వివాహములు చేసికొను ఏ సమాజమందైనను ఏదో యొక జన్యుభేదము ఇట్లు నిలిచిపోవుట సహజము. ఆ లోపము గలవారు ఆరోగ్యవంతులే. జీవితమంతయు ఆ సంగతి తెలియకయే గడపగలరు. శస్త్రచికిత్సకు ముందు మత్తుమందు ఇచ్చు వైద్యునితో "మా యింట ఒకరికి ఇట్లు జరిగినది" అని ఒక్క మాట చెప్పిన చాలును, ఆయన వేఱు మందు వాడును. ఒక్క మాటలో ప్రాణరక్షణ కలదు. ఈ సంగతిని మనస్సున నుంచుకొనుడు. మనోవ్యాధి మందుల విషయమునను ఇదియే వర్తించును.

నిదానపు పనివాడు, తొందర పనివాడు

యాంటీసైకోటిక్ మందులలో పెక్కింటిని విఱుగగొట్టు ముఖ్యమైన ఎంజైమునకు సి.వై.పి.2డి6 అని పేరు. దాని జన్యువు 22వ క్రోమోసోముపై నున్నది. ఇది బయటపడిన తీరు వింతయైనది. 1975లో లండనునందు రాబర్ట్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును డెబ్రిసోక్విన్ అను రక్తపుపోటు మందును పరిశోధనార్థము తామే మ్రింగిరి. సహచరులకు ఏమియు కాలేదు. స్మిత్ గారికి మాత్రము రక్తపు పోటు మిక్కిలి పడిపోయి, నిలువలేని స్థితి కలిగెను. ఆయన దేహము ఆ మందును విఱుగగొట్టలేకపోయినదని పరీక్షలలో తేలెను. అది వంశపారంపర్య లక్షణమని 1977లో ప్రకటింపబడెను. ఇంచుమించు అదే కాలమున జర్మనీలో మిషెల్ ఐషెల్‌బౌమ్ మఱియొక మందుతో ఇదే విషయమును కనుగొనెను.

ఈ ఎంజైమును బట్టి మనుష్యులను నాలుగు తెగలుగ చెప్పుదురు. తల్లినుండి వచ్చిన ప్రతియు, తండ్రినుండి వచ్చిన ప్రతియు రెండును చెడినవారిలో ఈ పనివాడు లేనట్లే. వీరు మొదటి తెగ. కొంత శక్తి మాత్రమే గలవారు రెండవ తెగ. సామాన్యులు మూడవ తెగ. జన్యువునకు అధిక ప్రతులుండుటచే మందును అతివేగముగ విఱుగగొట్టువారు నాలుగవ తెగ. మొదటి తెగవారు ఐరోపావారిలో నూటికి అయిదు మొదలు పదిమంది. భారతీయులలో అంతకంటె తక్కువ. నాలుగవ తెగవారు ఇథియోపియాలో ఎక్కువ, ఉత్తర ఐరోపాలో తక్కువ. దక్షిణ భారతీయులలో ఈ జన్యుభేదములెట్లున్నవో పుదుచ్చేరి జిప్మర్ పరిశోధకులు పరిశీలించి 2006లో ప్రకటించిరి. అందు ఆంధ్ర, కర్ణాటక, కేరళ, తమిళ ప్రాంతముల ప్రజలు చేరియున్నారు.

మొదటి తెగవాడు సామాన్యమైన మోతాదు తీసికొన్నను వాని రక్తములో మందు ప్రోగుపడి దుష్ఫలితములు కలుగును. నాలుగవ తెగవానికి అదే మోతాదు చాలదు. వాడు ప్రతిదినము మ్రింగుచున్నను మ్రింగనట్లే యుండును. "మాత్రలు దాచివేయుచున్నాడు" అని ఇంటివారు వానిని అనుమానింతురు. వాడు నిజము చెప్పుచున్నను నమ్మువారుండరు. ఎంత అన్యాయమో చూడుడు.

హాలోపెరిడాల్, రిస్పెరిడోను, అరిపిప్రజోలు ఈ ఎంజైము దారిని పోవునవే. మొదటి తెగవారికి అరిపిప్రజోలు సామాన్య మోతాదులో సగమే ఈయవలయునని అమెరికా ఔషధశాఖ ఆమోదించిన సూచికలో వ్రాయబడియున్నది. నార్వేలోని ఆస్లో నగరమున రిస్పెరిడోను వాడిన 1,288 మందిని, అరిపిప్రజోలు వాడిన 1,334 మందిని పరిశీలించి 2019లో ఒక పరిశోధన ప్రకటించిరి. మొదటి తెగవారును, నాలుగవ తెగవారును రిస్పెరిడోనును మానిపించి వేఱు మందునకు మార్పింపబడుట సామాన్యులలోకంటె స్పష్టముగ హెచ్చని అందు తేలెను. ఒకరికి మందు ఎక్కువయై, మఱియొకరికి తక్కువయై, ఇద్దఱికిని ఆ చికిత్స విఫలమైనదన్నమాట. మందు చెడ్డది కాదు, రోగి చెడ్డవాడు కాడు, కొలత కుదురలేదు.

వేఱు మందులును ఈ దారిని మూయగలవు. మనోవ్యాకులతకు ఇచ్చు ఫ్లూయోక్సెటిన్ ఈ ఎంజైమును పనిచేయనీయదు. జన్యువు సరిగా నున్నవాడు సైతము ఆ మందు వాడునంతకాలము మొదటి తెగవానివలె కావచ్చును. కావున రోగి వాడు మందులన్నింటిని, ఇతర వైద్యులిచ్చిన వానిని కూడ, చెప్పుట అవసరము.

బీడిపొగయు, క్లోజపైనును

ప్రారంభమున కాఫీ ప్రస్తావన చేసితిమి. కాఫీలోని కెఫీనును విఱుగగొట్టు ఎంజైము సి.వై.పి.1ఏ2. క్లోజపైను, ఓలాంజపైను అను మందులను విఱుగగొట్టునదియు ముఖ్యముగ ఇదియే. దీని శక్తి జన్యువులపైననే కాక అలవాట్లపైనను ఆధారపడును. బీడి, సిగరెట్టు పొగలోని పదార్థములు ఈ ఎంజైమును హెచ్చించును. అందుచే పొగత్రాగువారి రక్తములో మందు తగ్గిపోవును. ఇది పొగవలన కలుగునదే కాని నికోటిన్ వలన కాదు.

ఇందు ఒక అపాయము దాగియున్నది. పొగత్రాగు రోగి ఆసుపత్రిలో చేరినపుడో, మంచి బుద్ధి పుట్టినపుడో బీడి మానినచో ఎంజైము క్రమముగ తగ్గి, అదే మోతాదుతో రక్తములో మందు గణనీయముగ పెరుగును. మగత, మూర్ఛ మొదలగునవి రావచ్చును. పొగ మానుట మంచిదే; కాని మానుటకు ముందు వైద్యునికి చెప్పి మోతాదు సరిచేయించుకొనవలయును. వంశపారంపర్యమే సర్వస్వము కాదనుటకు ఇది మంచి ఉదాహరణము.

రక్తకణములను గూర్చిన హెచ్చరిక

క్లోజపైను కథ విచిత్రమైనది. ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు దీనిని మించిన మందు నేటికిని లేదు. కాని 1975లో ఫిన్లాండునందు దీనిని వాడినవారిలో కొందఱికి రోగక్రిములతో పోరాడు తెల్లరక్తకణములు నశించి, ఎనిమిదిమంది మరణించిరి. పెక్కు దేశములలో దాని వాడుక నిలిచిపోయెను. 1988లో అమెరికాలో ఇతర మందులకు లొంగని 268 మందిపై జరిగిన పరీక్షలో క్లోజపైను పుచ్చుకొన్నవారిలో నూటికి 30 మందికి గుణము కనబడెను. క్లోర్‌ప్రోమజైను పుచ్చుకొన్నవారిలో నూటికి 4గురికే కనబడెను. రక్తపరీక్షలు విధిగ చేయవలయునను నియమముతో అది మరల వాడుకలోనికి వచ్చెను.

ఈ ఉపద్రవము వచ్చువారు నూటికి ఒక్కరికంటె తక్కువ. ఎవరికి వచ్చునో ముందుగ చెప్పగలమా? 6వ క్రోమోసోముపై దేహరక్షణకు సంబంధించిన హెచ్.ఎల్.ఏ. జన్యువులు కలవు. వానిలోని రెండు భేదములకు ఈ ఉపద్రవముతో సంబంధము కలదని 2014లో ప్రకటింపబడినది. ఐనను ఆ భేదములు గలవారిలో అధికసంఖ్యాకులకు ఏ హానియు కలుగదు. కావున జన్యుపరీక్ష రక్తపరీక్షకు బదులు కాజాలదు. క్లోజపైను వాడు మొదటి నెలలలో వారము వారము రక్తము తీయించుకొనవలసివచ్చిన "పిల్లవాని రక్తమంతయు తీసివేయుచున్నారు" అని విసుగుకొనరాదు. ఆ కొలది బొట్లే వానికి కావలి.

జన్యుజ్ఞానము మందును నిషేధించుటకే కాక అనుమతించుటకును తోడ్పడినది. ఆఫ్రికా సంతతివారు పెక్కుమందిలో ఒక జన్యుభేదము వలన కొన్ని తెల్లకణముల లెక్క పుట్టుకతోనే తక్కువగ నుండును. అది రోగము కాదు. అట్టివారికి క్లోజపైను నిరాకరింపబడుచుండెను. 2015లో అమెరికా ఔషధశాఖ వారికి వేఱు కొలమానమును నిర్ణయించెను.

ఇంకను తేలని విషయములు

మందు విఱుగుటనుగూర్చి తెలిసినంత స్పష్టముగ, మెదడులో మందు పనిచేయుటనుగూర్చి తెలియదు. డి2 గ్రాహకపు జన్యువులోని భేదములకును గుణమునకును కొంత సంబంధము కనబడినది గాని అది స్వల్పము. కొన్ని మందులవలన దేహము స్థూలించుటకు వేఱొక గ్రాహకపు జన్యుభేదముతో సంబంధము కలదని చైనా రోగులపై జరిగిన పరిశోధన 2002లో తెలిపెను. స్కిజోఫ్రీనియాతో సంబంధముగల స్థానములు జన్యుపాఠమున 287 కలవని 2022లో ప్రకటింపబడినది. ఏ ఒక్క జన్యువును ఈ వ్యాధికి కర్త కాదని దీనివలన తేలుచున్నది. ఒకే అండమునుండి పుట్టిన కవలలలో ఒకరికి వ్యాధి వచ్చినను రెండవవారికి వచ్చితీరవలెనను నియమము లేదు.

ఇచ్చట ఒక భ్రమను తొలగించుకొనవలయును. మందును నిదానముగ విఱుగగొట్టు జన్యువు మనోవ్యాధిని కలిగించు జన్యువు కాదు. ఆ భేదము గలవారిలో అత్యధికులకు మనోవ్యాధియే రాదు.

నెదర్లాండ్సు దేశమున జన్యువులనుబట్టి మోతాదులను సూచించు నిపుణసంఘము 2005లోనే ఏర్పడినది. ఐరోపాలోని ఏడు దేశములలో సుమారు ఏడువేలమందిపై జరిగిన పరీక్ష 2023లో ప్రకటింపబడినది. అందు పండ్రెండు జన్యువులను చూచి నానావిధ రోగముల మందులను నిర్ణయింపగా దుష్ఫలితములు సుమారు నూటికి ముప్పది వంతులు తగ్గెను. మన దేశమున ఇట్టి పరీక్ష ప్రతి రోగికిని చేయు ఆచారము ఏర్పడలేదు. పెద్ద సంస్థలలోను, కొన్ని ప్రయోగశాలలలోను చేయుదురు. వైద్యుడు కోరినప్పుడు చేయించుట మంచిది. ప్రకటనలు చూచి మనకు మనమే చేయించి, ఆ కాగితమును పట్టుకొని మందు మానుట కూడదు.

ఇంటిలోని జన్యుపరీక్ష

ఖర్చులేని పరీక్ష యొకటి ప్రతి యింటను కలదు. అది కుటుంబపు జ్ఞాపకము. తండ్రికో, మేనమామకో, పినతల్లికో ఏ మందు ఇచ్చినప్పుడు ఏమి జరిగినదో వైద్యుడెఱిగినచో చికిత్సకు మంచి ఆధారము దొరకును. రక్తసంబంధీకులలో జన్యువులు కొంతవఱకు సమానములు గదా. మన దక్షిణదేశమున మేనరికములు వాడుక. అట్టి దంపతుల బిడ్డకు ఇరువైపులనుండి ఒకే జన్యుభేదము చేరు అవకాశము ఇతరులకంటె హెచ్చు. కనుక మన కుటుంబములలో ఈ జ్ఞాపకమునకు మఱింత విలువ కలదు.

కాని మనమేమి చేయుచున్నాము? ఇంటిలో ఒకరికి మనోవ్యాధి వచ్చినదనిన ఆ మాట గడప దాటనీయము. ఆడపిల్లల సంబంధములు చెడునని, నలుగురిలో తల వంపులగునని భయపడి, దాయాదులకు సైతము తెలియనీయము. ఇరువది సంవత్సరముల పిదప అదే వంశమున మఱియొక పిల్లవాడు జబ్బుపడును. పెదతండ్రిగారికి పూర్వము ఏ మందు పడలేదో, ఏది మేలు చేసినదో చెప్పువారుండరు. వైద్యుడు చీకటిలో తడవికొని మరల మొదటినుండి ప్రారంభింపవలసివచ్చును. పెద్దలు గౌరవముకొఱకు దాచిన రహస్యమునకు మూల్యము పిల్లలు చెల్లించెదరు. వీధిలో చాటవలయునని నేననను. వైద్యునియొద్దను, రక్తసంబంధీకులయొద్దను దాచరాదని మాత్రమే విన్నవించుచున్నాను. రోగి అనుమతిగొని, వాని గౌరవము కాపాడుచు చెప్పవచ్చును.

పరభాషాప్రాంతమున స్థిరపడిన మనకు వేఱొక చిక్కు కలదు. బజారులో కన్నడము చక్కగ మాటాడువారికి సైతము, "లోపల తహతహగ నున్నది", "కాళ్లు నిలువనీయవు", "నోరు పిడచకట్టుకొని పోవుచున్నది" అను బాధలు తల్లిభాషలోనే వచ్చును. ఆ మాటలనుబట్టియే వైద్యుడు మందు హెచ్చినదో, వ్యాధి హెచ్చినదో తెలిసికొనవలయును. "తహతహ" యను మాటను "భయము" అని అనువదించినచో, తగ్గింపవలసిన మోతాదు పెరుగవచ్చును. రోగికి అర్థమగు భాషలో చికిత్స విషయములు తెలుపుట వైద్యుల విధియని 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. సంకోచింపక అడుగవచ్చును. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ దీనికి ప్రధానకేంద్రము.

ఇంత చెప్పిన పిదప తల్లిదండ్రులు ఆచరింపవలసిన సంగతులను క్రోడీకరించెదను.

మొదటిది, ఇంటిలో ఒక నోటుపుస్తకమును ఆరోగ్యముకొఱకు ఉంచుడు. ఎవరికి, ఏ సంవత్సరమున, ఏ మందు, ఎంత మోతాదులో ఇచ్చిరో, ఏమి గుణము కలిగెనో, ఏమి బాధ కలిగెనో వ్రాయుడు. చీటీలను అందు అంటింపుడు. మత్తుమందు విషయమున జరిగిన ఇబ్బందులను గూడ వ్రాయుడు.

రెండవది, ఒకరి మాత్రలను మఱియొకరికి ఈయకుడు. వ్యాధి పేరు ఒకటియైనను దేహములు ఒకటి కావు.

మూడవది, గుణము కనబడలేదని గాని, బాధ కలిగినదని గాని మందును మీయంతట మీరు మానిపింపకుడు, తగ్గింపకుడు. హఠాత్తుగ మానుటవలన వ్యాధి తిరుగబెట్టవచ్చును. వైద్యునితో చెప్పిన ఆయన మోతాదు మార్చును, లేదా మందునే మార్చును. ఒక మందు విఫలమైనంతమాత్రమున చికిత్స విఫలమైనట్లు కాదు.

నాల్గవది, వైద్యునియొద్దకు పోవునపుడు రోగి మాటను రోగి భాషలోనే చెప్పనిండు. వాడు చెప్పిన బాధను "అదేమియు లేదులెండి" అని మీరు కొట్టివేయకుడు.

అయిదవది, మందు పనిచేయలేదని బిడ్డను నిందింపకుడు. తరగతిలో ఒకే పాఠము విన్న నలువదిమంది పిల్లలు నలువది విధములుగ గ్రహింతురు. వెనుకబడిన పిల్లవానికి పాఠమును మఱియొక రీతిని చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము. అట్లే మందు కుదురని రోగికి వేఱు కొలతను, వేఱు మందును వెదకుట వైద్యుని ధర్మము. ఆ వెదకుటకు కావలసిన సమాచారమును దాచక అందించుట కుటుంబము యొక్క ధర్మము.

పిల్లలకు మనము ఇండ్లు, పొలములు, నగలు ఒప్పగింతుము. భాషను ఒప్పగించుటకు ఈ పాఠశాలను నడుపుకొనుచున్నాము. మన దేహములలోని జన్యువులు మనము ఒప్పగింపకయే వారికి చేరుచున్నవి. వానిని గూర్చి మనకు తెలిసినదానిని గూడ వారికి ఒప్పగించుట మన విధి.